మెక్లియోడ్‌గంజ్‌లో టిబెటన్ కుటుంబాలకు ఆసరా: ఏ సేవ ఎంతవరకు పనికొస్తోంది

దీపావళి దగ్గరపడేసరికి మన ఊళ్లలో స్వెటర్ల కొట్లు వెలుస్తాయి. అమ్మేవాళ్లను చాలామంది నేపాలీలనుకుంటారు. నిజానికి వాళ్లలో ఎక్కువమంది టిబెటన్లు. కొందరు కర్ణాటకలోని బైలకుప్పె, ముండగోడు నుంచి వస్తారు, కొందరు హిమాచల్ కొండల నుంచి దిగుతారు. లూధియానా హోల్‌సేల్ వ్యాపారుల దగ్గర సరుకు అరువు తెచ్చుకుని, సంక్రాంతి దాటాక లెక్క తేల్చి ఇంటిముఖం పడతారు. ఆ మూడు నాలుగు నెలలూ ఇంటిదగ్గర చంటిపిల్లల్ని ఎవరు చూస్తారు? ముసలివాళ్ల మందులు ఎవరు తెస్తారు? గడువు దాటబోతున్న కాగితాలు ఎవరు పట్టించుకుంటారు? ఈ పనులన్నీ భుజానేసుకున్న మనుషులు, సంస్థలు ధర్మశాల పైన ఉన్న మెక్లియోడ్‌గంజ్‌లో ఉన్నాయి. అక్కడికి విహారానికి వెళ్తూ నాలుగు రోజులు సాయపడదామనుకునేవాళ్ల కోసం, ఇంట్లో కూర్చుని డబ్బు పంపుదామనుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష.

ముందు కాస్త నేపథ్యం. దలైలామా 1959లో భారత్‌కు వచ్చారు, 1960లో ధర్మశాలలో స్థిరపడ్డారు. వెంట వచ్చిన వేలమందికి మొదట దొరికిన పని కొండల్లో రోడ్లు వేయడం. 2009లో టిబెటన్ ప్రవాస పరిపాలన చేసిన జనగణనలో భారత్‌లో 94,203 మంది టిబెటన్లు లెక్కకు వచ్చారు. 2008కి ముందు ఏటా రెండు మూడు వేలమంది సరిహద్దు దాటి వచ్చేవారు. ఆ తర్వాత అవతల కట్టుదిట్టం పెరిగి, ఇప్పుడు ఏడాదికి వేళ్లమీద లెక్కపెట్టేంతమందే వస్తున్నారు. ఇక్కడ పుట్టిన యువత విదేశాలకు వెళ్లిపోతోంది. కాబట్టి ఇప్పుడు అక్కడ కనిపించే అవసరం కొత్తగా వచ్చినవాళ్లకు గుడారం వేయడం కాదు. రెండు మూడు తరాలుగా ఉంటూ కూడా సొంత భూమి, పూర్తి పౌరహక్కు లేని కుటుంబాల రోజువారీ బతుకు సాఫీగా సాగేలా చూడటం. ఏ సంస్థను తూచినా ఆ తూకంతోనే తూచాలి.

మా లెక్కలో మొదటి స్థానం రోగ్పా అనే సంస్థది. టిబెటన్‌లో ఆ మాటకు తోడుండే నేస్తం అని అర్థం. 2004లో మొదలైంది. సంపాదన తక్కువగా ఉండి, తల్లీతండ్రీ ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్ల చంటిపిల్లల్ని పగటిపూట ఉచితంగా చూసుకుంటారు. జోగివారా రోడ్డులో వాళ్ల దుకాణం, కేఫే ఉన్నాయి. విరాళంగా వచ్చిన బట్టలు, వస్తువులు అక్కడ అమ్మి, ఆ డబ్బుతో పిల్లల కేంద్రం నడుపుతారు.

వినడానికి చిన్న పనిలా ఉంటుంది. అది ఎందుకు పెద్దదో అక్కడి ఇళ్ల తీరు చూస్తే తెలుస్తుంది. హిమాచల్‌లో 1972 నాటి భూసంస్కరణల చట్టం సెక్షన్ 118 ప్రకారం ఆ రాష్ట్ర వ్యవసాయదారులు కానివాళ్లు భూమి కొనడం దాదాపు కుదరదు. టిబెటన్లకే కాదు, మనకూ ఇదే నియమం. అందువల్ల ఎక్కువ కుటుంబాలు అద్దె గదుల్లో ఉంటాయి. అమ్మమ్మా తాతయ్యా వేరే సెటిల్‌మెంటులోనో (టిబెటన్ల కోసం ఏర్పాటుచేసిన కాలనీ), టిబెట్‌లోనో ఉండిపోయారు. బిడ్డను చూసే పెద్దదిక్కు లేదు. మొమో బండి, హోటల్ వంటగది, పర్యాటకులకు పూసలూ శాలువలూ అమ్మే కొట్టు... వీటిలో ఏ పనిలో ఉన్నా తల్లి ముందు రెండే దార్లు: పని మానేయడం, లేదా బిడ్డను పొగలు కక్కే స్టీమర్ పక్కన కూర్చోబెట్టుకోవడం. రోగ్పా ఆమెకు రోజులో కొన్ని గంటలు తిరిగి ఇస్తోంది. ఆ గంటల జీతమే ఆ నెల అద్దె. బియ్యం మూట ఇస్తే వారం గడుస్తుంది, ఈ గంటలతో కుటుంబం తన కాళ్లమీద తాను నిలబడుతుంది.

అక్కడ సాయపడాలనుకునేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పిల్లల గదిలో రెండు రోజుల వాలంటీరు వల్ల మేలు కన్నా ఇబ్బందే ఎక్కువ. ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు కొత్త ముఖమంటే బెదురు. అలవాటయ్యేలోపే ఆ మనిషి వెళ్లిపోతే మరో కొత్త ముఖం, మళ్లీ ఏడుపు. చేతిలో నెల రోజులుంటేనే పిల్లల దగ్గర పని అడగండి. వారం లోపైతే దుకాణంలో బట్టలు మడతపెట్టడం, ధరల చీటీలు అంటించడం, కేఫేలో గిన్నెలు కడగడం అడగండి. అది తక్కువ పని కాదు, పిల్లల కేంద్రానికి డబ్బు వచ్చేది అక్కడి నుంచే.

బట్టలు తీసుకెళ్లాలనుకుంటే పసిపిల్లల ఉన్ని బట్టలు, మేజోళ్లు, రెయిన్‌కోట్లు, మంచి స్థితిలో ఉన్న జాకెట్లు మేలు. మన దగ్గర మిగిలిపోయిన చీరలు, పట్టు పావడాలు, చిరిగిన జీన్సు మోసుకెళ్లకండి. ధర్మశాల దేశంలో బాగా వాన కురిసే ఊళ్లలో ఒకటి, ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూలై, ఆగస్టుల్లోనే. ఆ రెండు నెలల్లో అందిన బట్టలు ఆరబెట్టే చోటు లేక బూజు పడతాయి, బూజు పట్టిన మూట చెత్త కిందే లెక్క. మార్చి నుంచి మే వరకు, లేదా అక్టోబరు, నవంబరుల్లో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, వయసు రాసిన కవర్లలో ఇవ్వండి. ‘0 నుంచి 6 నెలలు’, ‘1 నుంచి 2 ఏళ్లు’ అని రాసి ఉంటే విడదీసే వాళ్లకు పూట పని తప్పుతుంది.

లోటు కూడా చెప్పాలి. ఉచితంగా, మంచిగా నడిచే ఏ శిశు కేంద్రానికైనా ఉన్న చిక్కే ఇక్కడా ఉంది: కోరేవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ. ఒకరు ఎంతమంది పసివాళ్లను చూడగలరో దానికి హద్దు ఉంటుంది. పిల్లల్ని కుక్కితే సేవ పేరుకే మిగులుతుంది. అందుకే ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా వచ్చే చిన్న మొత్తం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. ఆయాల జీతం నెలనెలా ఇవ్వాల్సిందే కదా.

తర్వాత టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్, అందరూ టీసీవీ అంటారు. 1960 మేలో జమ్ము వైపు రోడ్డు పనుల శిబిరాల నుంచి జబ్బుపడి, బక్కచిక్కి వచ్చిన 51 మంది పిల్లలతో మొదలైంది. దలైలామా అక్క సెరింగ్ డోల్మా దాన్ని చూసుకున్నారు. 1964లో ఆమె పోయాక చెల్లెలు జెత్సున్ పేమా చేతుల్లోకి వెళ్లి, నాలుగు దశాబ్దాలకు పైగా ఆమె చేతుల మీదే పెరిగింది. మెక్లియోడ్‌గంజ్ పైన దల్ సరస్సు పక్కన ఉన్నదే మొదటి విలేజ్.

హాస్టలంటే మనకు గుర్తొచ్చే వరుస మంచాల పెద్ద హాలు కాదిది. పిల్లల్ని ఇళ్లుగా విడదీస్తారు. ఒక్కో ఇంట్లో ఇరవై ముప్ఫైమందికి పైనే, వేర్వేరు వయసులవాళ్లు. పెద్దదిక్కుగా ఒక ‘అమా-లా’. ‘అమా’ అంటే అమ్మే, చివరి ‘లా’ మన ‘గారు’ లాంటిది. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు జడలేస్తారు, వంటలో చేయి వేస్తారు, వంతులవారీగా ఊడుస్తారు. స్వెటర్ల కాలంలో అమ్మానాన్నలు మైదానాలకు దిగినా బడి ఆగదు, తిండి ఆగదు.

చదువు విషయంలో వాళ్లు తీసుకున్న ఒక నిర్ణయం తెలుగువాళ్లు శ్రద్ధగా చూడాల్సింది. ప్రాథమిక తరగతులు టిబెటన్ మాధ్యమంలో, పైతరగతులు సీబీఎస్‌ఈ సిలబస్‌లో ఇంగ్లీషులో. సొంత దేశం లేనివాళ్లు చిన్న తరగతుల లెక్కల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు తమ భాషలో తయారుచేసుకుని నడుపుతున్నారు. తెలుగు మాధ్యమం నడుస్తుందా నడవదా అని వాదించుకునే మనం వెళ్లి చూసి రావాల్సిన బడి ఇది.

ఒక బిడ్డకు స్పాన్సర్‌గా ఉండాలనుకుంటే ముందుగా కొన్ని తెలుసుకోండి. మీరిచ్చే డబ్బు బిడ్డ చేతికి రాదు, బడి, తిండి, వైద్యం ఖర్చుల్లోకి వెళ్తుంది. అదే సరైన పద్ధతి, లేకపోతే ఒకే ఇంట్లో స్పాన్సర్ ఉన్న బిడ్డకూ లేని బిడ్డకూ తేడా వచ్చేస్తుంది. ఉత్తరాలు మెల్లగా వస్తాయి. రెండేళ్లు కట్టి మానేస్తే సంస్థ మరో దాతను వెతుక్కోవాల్సి వస్తుంది. పన్నెండో తరగతి దాకా కట్టగలమన్న నమ్మకం లేకపోతే పేరున్న బిడ్డను తీసుకోకండి, సాధారణ నిధికి ఇవ్వండి. చూడ్డానికి వెళ్తే ఆఫీసులో చెప్పి వెళ్లండి. చాక్లెట్లు పంచడం, పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ఫోటోలు దిగడం వద్దు. కొంతమంది పిల్లల బంధువులు ఇంకా టిబెట్‌లోనే ఉన్నారు. ముఖం, పేరు కలిసి ఇంటర్నెట్‌లోకి వెళ్తే అక్కడివాళ్లకు చిక్కులు రావచ్చు.

ఈ పద్ధతికి ఉన్న బాధ కూడా దాచాల్సిన పనిలేదు. ఎంత మంచి అమా-లా అయినా ముప్ఫైమందికి అమ్మ. ఏడాదికి కొన్ని వారాలే కన్నవాళ్ల దగ్గర గడిపిన పిల్లలకు సొంత ఇంట్లో మెలగడం మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది. పిల్లలను పసితనంలోనే హాస్టల్‌కు పంపకుండా తల్లిదండ్రుల దగ్గరే ఉండనిచ్చే రోగ్పాకు మేం మొదటి స్థానం ఇచ్చింది అందుకే.

విహారానికి వెళ్లినవాళ్లు ఒక్క గంటలో చేయగల మేలు ఏదైనా ఉంటే అది ఇంగ్లీషు మాటల క్లాసు. 1997లో మొదలైన ల్హా ట్రస్టు టెంపుల్ రోడ్డులో ఉచిత భాషా తరగతులు నడుపుతోంది. మాటల క్లాసుకు బయటివాళ్లు వెళ్లి కూర్చోవచ్చు. ఒక్కో వాలంటీరు చుట్టూ కొంతమంది చేరతారు: సన్యాసులు, హోటల్ కుర్రాళ్లు, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లు. వీళ్లకు ఇంగ్లీషు కావాల్సింది పర్యాటకుల దగ్గర పని దొరకడానికి, ఫారాలు నింపడానికి, విదేశంలో ఉన్న భర్త దగ్గరకు వెళ్లే ఇంటర్వ్యూకి.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సహజమైన వీలుంది. టిబెటన్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, విభక్తి నామం తర్వాతే చేరుతుంది. ‘నేను నిన్న బజారుకు వెళ్లాను’ అన్న వరుసే వాళ్లది కూడా. అందుకే వాళ్లు ‘ఐ యెస్టర్‌డే మార్కెట్ వెంట్’ అంటారు. ఆ తప్పు ఎక్కడి నుంచి పుట్టిందో అమెరికా వాలంటీరుకు తెలియదు, మనకు చప్పున తెలుస్తుంది. ‘ఎ’, ‘ద’లు వదిలేయడమూ మనకు కొత్త కాదు. వాళ్ల భాషలో ‘ఫ’ శబ్దం లేదు, కాఫీ ‘కాపీ’ అవుతుంది. పెదవుల మధ్య గాలి వదిలితే ‘ప’, కింది పెదవిని పై పళ్లకు ఆనిస్తే ‘ఫ’ అని చేసి చూపిస్తే రెండు నిమిషాల్లో పట్టుకుంటారు.

గంటను ఇలా వాడుకోండి. పది నిమిషాలు పేర్లు, ఊరు, పని. తర్వాత ఒక్కటే సందర్భం తీసుకోండి: గది అద్దెకు అడగడం, డాక్టరుకు నొప్పి చెప్పడం, బస్సు టికెట్టు మార్చుకోవడం. ఆ సందర్భానికి ఏడెనిమిది వాక్యాలు చాలు. ఇద్దరిద్దరిని జతచేసి అవే వాక్యాలు నాలుగుసార్లు మాట్లాడించండి, మీరు నోరు మూసుకుని వినండి. తప్పు మధ్యలో ఆపి దిద్దకండి, రాసుకుని చివరి పది నిమిషాల్లో అందరికీ కలిపి చెప్పండి. వాలంటీర్లు ఎక్కువగా చేసే పొరపాటు తామే గంటసేపు మాట్లాడేయడం. అంతకన్నా పెద్ద పొరపాటు ‘కొండలు ఎలా దాటి వచ్చారు, ఇంట్లో ఎవరెవరు మిగిలారు’ అని అడగడం. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, తవ్వకండి.

ఈ క్లాసుల బలహీనత అతుకుల బొంతలా సాగడం. సోమవారం ఒకరు వంటల గురించి, మంగళవారం ఇంకొకరు సినిమాల గురించి మాట్లాడతారు, నేర్చుకునేవాళ్లు అదే మెట్టు మీద నెలలు గడుపుతారు. ఆన్‌లైన్‌లో ఒకే విద్యార్థికి వారానికి రెండు గంటల చొప్పున ఆరు నెలలు కూర్చోగలిగితే దానికి సాటి లేదు. కంప్యూటర్ కోర్సు, రెజ్యూమె, ఇంటర్వ్యూ సాధన... హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు ఇవి కొట్టిన పిండే.

వైద్యానికి 1971 నుంచి ఉన్న డెలెక్ ఆసుపత్రి పెద్ద అండ. దాని అసలు పోరాటం క్షయతో. హాస్టళ్లు, మఠాలు, ఇరుకు గదులు, చలికి మూసిన కిటికీలు: క్షయ వ్యాపించడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. అందుకే రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా బడుల్లోకి, మఠాల్లోకి వెళ్లి పరీక్షలు చేసే పద్ధతి పెట్టుకున్నారు. ఇది మన గురుకుల పాఠశాలలకూ పనికొచ్చే పాఠం. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. రెండు నెలలయ్యేసరికి దగ్గు తగ్గి బలం వస్తుంది, ‘నయమైంది’ అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే స్వెటర్ల కాలం వస్తే మాత్రలు మూటలో అడుగున పడతాయి. మధ్యలో మానేస్తే మందులకు లొంగని రకంగా ముదురుతుంది, దాని చికిత్స ఇంకా కష్టం. క్షయ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ నిక్షయ్‌లో నమోదైన నంబరు దగ్గరుంటే ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వ కేంద్రంలో మందులు కొనసాగించుకోవచ్చు. మీ వీధిలో స్వెటర్లు అమ్మేవాళ్లు రెండు వారాలకు మించి దగ్గుతుంటే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్లడం మీరు చేయగల అసలైన సాయం. భాష రాక, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక ఆగిపోయేవాళ్లు ఉంటారు.

ఇక కాగితాలు. ఫోటోల్లోకి ఎక్కని సేవ ఇది, కానీ ఇది తప్పితే మిగతావన్నీ తడబడతాయి. పదహారేళ్లు నిండిన టిబెటన్‌కు ఆర్‌సీ, అంటే నమోదు పత్రం ఉండాలి, గడువుకు ముందే పునరుద్ధరించుకోవాలి. విదేశానికి వెళ్లాలంటే పాస్‌పోర్టు బదులు ఐసీ అనే పసుపు పుస్తకం. టిబెటన్ పరిపాలన ఇచ్చే ఆకుపచ్చ పుస్తకం వేరే, బడి సీటు, స్కాలర్‌షిప్‌లాంటి వాటికి అది అడుగుతారు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు భారత్‌లో పుట్టినవాళ్లు చట్టప్రకారం పుట్టుకతోనే పౌరులు. కానీ 2017లో పాస్‌పోర్టుకు పెట్టిన షరతుల ప్రకారం ఆర్‌సీ, ఐసీ వదులుకోవాలి, సెటిల్‌మెంటులో ఉండకూడదు. ఇల్లు వదిలి పాస్‌పోర్టు తీసుకోవడమా, వద్దా అన్నది ఒక్కో కుటుంబానికి ఒక్కో లెక్క, బయటివాళ్లు సలహా ఇవ్వకూడని చోటు.

ఎక్కడ బెడిసికొడుతుందంటే పేరు, పుట్టినతేదీ దగ్గర. చాలామందికి ఇంటిపేరు ఉండదు. దలైలామా పెట్టే ‘తెన్‌జిన్’తో మొదలయ్యే పేర్లు ఒక్క తరగతిలోనే బోలెడు. ఆన్‌లైన్ ఫారం ఇంటిపేరు లేనిదే ముందుకు కదలదు, ఒకచోట పేరును రెండుగా విరుస్తారు, ఇంకోచోట ఒక్కటిగా రాస్తారు. ఇంటిపేరు ముందా వెనకా అన్న తిప్పలు పడ్డ మనకు ఇది వివరించక్కర్లేదు. పుట్టగానే ఒక ఏడుగా లెక్కేసి, టిబెటన్ కొత్త సంవత్సరం లోసార్ పండక్కి మరో ఏడు కలిపే పాత అలవాటు వల్ల పెద్దవాళ్ల పుట్టిన సంవత్సరాలు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. టిబెటన్ సెటిల్‌మెంట్ ఆఫీసు మనుషులు రోజంతా ఈ ముళ్లు విప్పుతూనే ఉంటారు. మొదటి కాగితంలో ఉన్న అక్షరక్రమాన్నే తర్వాత ప్రతి చోటా అక్షరం పొల్లుపోకుండా వాడాలి. బిడ్డ జనన ధ్రువపత్రం తీసేటప్పుడే ఇది చూసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాతి అఫిడవిట్లు తప్పుతాయి.

టోంగ్‌లెన్ గురించి ఒక్క మాట. ఒక టిబెటన్ సన్యాసి మొదలుపెట్టిన ఈ సంస్థ టిబెటన్ల కోసం కాదు, రాజస్థాన్, మహారాష్ట్రల నుంచి పని వెతుక్కుంటూ ధర్మశాలకు వచ్చిన కూలీల పిల్లల కోసం. వాళ్లుండే చరణ్ ఖడ్ గుడిసెలను 2016లో తొలగించారు. ఆశ్రయం పొందినవాళ్లే మరో వలస కుటుంబాలకు బడీ, హాస్టలూ ఇస్తున్నారు. ధర్మశాలలో ఒక్కచోటికే వెళ్లే సమయం ఉండి, రోగ్పా చూసేసి ఉంటే, ఇక్కడికి వెళ్లండి.

డబ్బు పంపే పద్ధతిలో మనవాళ్లు తరచూ పొరపడతారు. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉంటే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవాళ్లు ఇచ్చేది, రూపాయల్లో ఇచ్చినా, విదేశీ విరాళమే. అది సంస్థకు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉండే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) ఖాతాకే వెళ్లాలి. మామూలు ఖాతాలో వేస్తే సంస్థ మెడకు చుట్టుకుంటుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని చిన్న సంస్థకు ‘పెద్ద సంస్థ ద్వారా పంపుదాం’ అనుకోవద్దు, 2020 సవరణ తర్వాత అలా చేతులు మార్చడం నిషిద్ధం. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు 80జీ (విరాళాలపై పన్ను మినహాయింపు గుర్తింపు) ఉందో లేదో అడగండి, రెండు వేలు దాటితే నగదు వద్దు, విరాళ ధ్రువపత్రం తీసుకోండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపు రాదు, బట్టలూ వస్తువులూ ఇస్తే ఎవరికీ రాదు.

వెళ్లే దారి: హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడ కశ్మీరీ గేట్ లేదా మజ్నూ కా టిల్లా దగ్గర రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి ధర్మశాల. రైలుకైతే పఠాన్‌కోట్‌లో దిగాలి. మెక్లియోడ్‌గంజ్ సుమారు 2,000 మీటర్ల ఎత్తు, మే నెలలోనూ రాత్రికి స్వెటర్ కావాలి. మార్చి 10, జూలై 6 తేదీల్లో, లోసార్ రోజుల్లో టిబెటన్ ఆఫీసులు తెరవరు. దలైలామా బోధనలు జరిగే రోజుల్లో ఊరు కిక్కిరిసిపోతుంది, సంస్థల్లో మాట్లాడేందుకు మనిషి దొరకడు, గది అద్దెలు రెట్టింపవుతాయి. వాలంటీరుగా వెళ్లేవాళ్లు కనీసం మూడు వారాల ముందు మెయిల్ రాసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంటారో, ఏ పని వచ్చో రెండు వరుసల్లో చెప్పండి.